పూజకు ముందు పదిహేను కిలోమీటర్లు

ప్రపంచంలో బండ్ల మంచిచెడ్డలు చెప్పే టీవీ కార్యక్రమాలకు రెండు పుట్టిళ్లు ఉన్నాయి. ఒకటి బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్. రెండవది కోరుట్ల బస్టాండ్ వెనక నర్సన్న కేబుల్ ఆఫీసు. (మొదటిదానికి గదులు ఎక్కువ. రెండవదానికి కమిటీ ఉంది.)

బ్రిటన్ వాళ్లది 1977లో మొదలైంది. మొదట ఆ చుట్టుపక్కల ఊళ్లకే వచ్చేది. వార్తలు చదివే ఒక ఆవిడ, అక్కడి లోకల్ వార్తలు చెప్పే ఒక పెద్దమనిషి కలిసి నడిపేవారు. కొత్త కారు ఎలా ఉంది, పెట్రోలు ఎంత తాగుతుంది, రోడ్డు మీద ఎలా పోవాలి అని నెమ్మదిగా చెప్పేవారు. తర్వాత దేశమంతా చూడసాగింది. రేసులు నడిపినవాళ్లు వచ్చారు, పొగ వచ్చింది, అరుపులు వచ్చాయి. ఇదంతా నేను ఫోన్‌లో చదివి తెలుసుకున్నాను. మా కార్యక్రమం చరిత్ర మాత్రం ఏ ఫోన్‌లోనూ లేదు. మినిట్స్ పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం రాసింది నేనే, కనుక చెప్పాల్సిన బాధ్యత కూడా నా మీదే పడింది.

మా దానికి మూలపురుషుడు ఇబ్రహీంపట్నం కొమురయ్య. వరుసకు నాకు బావ. మస్కట్‌లో పదిహేడేళ్లు నీళ్ల ట్యాంకర్ నడిపాడు. శుక్రవారం సెలవు నాడు క్యాంపులో ఒక కేరళ ఆయన ఆ బ్రిటన్ కార్యక్రమం పాత ఎపిసోడ్లు వేసేవాడట. మా బావకు ఇంగ్లీషు రాదు.

"ఇంగ్లీషెందుకు బామ్మర్ది," అన్నాడు నాతో. "మాటలన్నీ ఇడిసిపెట్టు. ఆ మనిషి బండి దిగినంక మొహం జూడాలె. మొహం గిట్ల ముడిసిండనుకో, గా బండి కొనొద్దు. పదేండ్ల సంది జూస్తున్న, ఒక్కపారి తప్పు కాలే."

ఆయన చుట్టీ మీద, అంటే సెలవు మీద వచ్చాడు. ఆరు నెలలు దాటితే వీసా పోతుంది. ఈసారి తిరిగి పోనని భార్య రాజలక్ష్మి అక్కకు మాట ఇచ్చాడు. సరుకులు మోసే చిన్న ట్రాలీ బండి ఒకటి కొనాలి, సిరిసిల్ల నుంచి బట్ట తానులు కోరుట్ల, జగిత్యాల దుకాణాలకు తేవాలి, పసుపు సీజన్‌లో బస్తాలు తోలాలి, రాత్రికి ఇంటికొచ్చి తినాలి. ఇంతే ఆలోచన. ట్రాలీ మంచిదైతే మనిషి ఇక్కడ ఉంటాడు. కాకపోతే మళ్లీ ట్యాంకర్ ఎక్కుతాడు. అందుకని ఆయనకు లోకంలో ఒకే ఒక్క ప్రశ్న మిగిలింది: జగిత్యాల షోరూముకు కొత్తగా వచ్చిన ట్రాలీ నిండు లోడుతో ఎత్తు మీద ఆగుతుందా?

ఆ ప్రశ్న పట్టుకుని నర్సన్న దగ్గరికి పోయాడు. నన్నూ తీసుకుపోయాడు.

"నర్సన్నా, తప్పిపోయిన బర్రెల గురించి చెప్తవ్. పుట్టినరోజులు చెప్తవ్. బండ్ల ముచ్చట ఒక్కటి చెప్పరాదు?"

"చెప్తే నాకేమొస్తదే?"

"షోరూమోళ్లు యాడ్ ఇస్తరు."

నర్సన్న లేచి ఫ్యాను స్పీడు తగ్గించాడు. (ఆయన ఆలోచించే పద్ధతి అది.) వచ్చే సోమవారం నుంచి 'బండి ముచ్చట' అన్నాడు.

వ్యాఖ్యాతల ఎంపిక బ్రిటన్ పద్ధతి ప్రకారమే జరిగింది. అక్కడ వార్తలు చదివే ఆవిడ కనుక, ఇక్కడ ప్రకటనలు చదివే హేమలత. ఆ పిల్ల మొహంలో ఏదీ దాగదు. బర్రె తప్పిపోయిందని ఆమె చదివితే, జనం లేచి తమ కొట్టంలోకి ఒకసారి తొంగి చూసి వచ్చేవారు. రెండో వ్యాఖ్యాత గంగారాం. రేసు డ్రైవర్లు మా దగ్గర దొరకరు కనుక ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషిని తీసుకున్నాం. ఏ బండి చూపించినా ఆయన చుట్టూ ఒకసారి తిరిగి "బస్సంత లేదు" అనేవాడు. అది కాదనలేని మాట.

ఇక కార్యక్రమం అన్నాక కమిటీ ఉండాలి. దాని పేరు వాహన అభిప్రాయ పరిశీలన సంఘం. నర్సన్న అధ్యక్షుడు. షోరూము మనిషి ఒకరు, ఫైనాన్సు మనిషి ఒకరు, బండ్లకు దండలు కట్టే దుకాణం ఆయన ఒకరు సభ్యులు. నేను మినిట్స్.

మొదటి సమావేశంలోనే చిక్కు వచ్చింది. మా జిల్లాలో కొత్త బండి ఏదైనా ముందు కొండగట్టు పోవాలి, అక్కడి ఆంజనేయస్వామి, మా అంజన్న దగ్గర పూజ కావాలి. పూజ కాని బండిని పరీక్షకని ఊరంతా తిప్పితే కొనేవాడు ముట్టుకోడని షోరూము మనిషి చెప్పాడు.

"మరి పూజయినంక తిప్పుదాం," అన్నాడు నర్సన్న.

"పూజయిన బండిని బాగలేదంటమా?" అన్నాడు గంగారాం. "ఎవలన్న అంటరా అన్నా? నోరు పడిపోదా?"

అందరం తలలు ఊపాం. అంటే పూజకు ముందు నడపకూడదు, పూజ తర్వాత అనకూడదు. మధ్యలో మిగిలింది షోరూము గేటు నుంచి కొండగట్టు దాకా ఉన్న పదిహేను కిలోమీటర్లు. ఆ ముక్కను 'అభిప్రాయానికి అనుమతించిన ప్రాంతం' అని ఏకగ్రీవంగా తీర్మానించాం. అందులో కూడా స్పీడు ముప్ఫై దాటకూడదు, సీటు మీది ప్లాస్టిక్ కవరు తీయకూడదు, లోడు వేయకూడదు. (ఇంటి మనుషులు లోడు కిందికి రారు. ఎంతమందైనా ఎక్కవచ్చు.)

మొదటి ఎపిసోడ్‌లో సారంగాపూర్ వాళ్ల కొత్త కారు. లోపల తొమ్మిదిమంది, ఒక కొబ్బరికాయల సంచి, ఆ సంచి మీద హేమలత. ఇంటి పెద్దావిడ ఐలవ్వ ముందు మైకు పెట్టింది.

"ఎట్లున్నదవ్వా బండి?"

"అంజన్న దయ బిడ్డా."

"సీట్లు మంచిగున్నయా?"

"అంజన్న దయ."

"ఎనుకకు ఏసీ గాలి అస్తున్నదా?"

ఐలవ్వ కొంగుతో మెడ తుడుచుకుంది. "అంజన్న దయ," అంది.

ఈ జవాబుకు ఎన్ని మార్కులు వేయాలని కమిటీ గంటన్నర చర్చించింది. తక్కువ వేసే ధైర్యం ఎవరికీ లేదు కనుక ఐదుకు ఐదు వేశాం. తర్వాత పద్దెనిమిది బండ్లు పరీక్షించాం. పద్దెనిమిది ఇళ్లవాళ్లూ అదే మాట అన్నారు, పద్దెనిమిదింటికీ ఐదుకు ఐదు వచ్చింది. (ఈ మార్కులతో అంజన్నకు ఏ సంబంధమూ లేదు. ఆయన్ను ఎవరూ అడగలేదు.)

కొమురయ్య బావ తన ప్రశ్నను వీక్షకుల సందేహ పత్రంలో రాసి ఇచ్చాడు. నెల తర్వాత అది తిరిగి వచ్చింది. 'ఆగుతుందా' అని అడగడంలో ఆగదేమో అన్న అనుమానం ఉందని, అనుమానం లేని సందేహం మాత్రమే పంపాలని పైన రాసి ఉంది. (రాసింది నేనే, చెప్పింది నర్సన్న.) బావ మళ్లీ రాశాడు: 'నిండు లోడుతో ఎత్తు మీద ట్రాలీ ఎంత బాగా ఆగుతుంది?' దీన్ని స్వీకరించాం. అప్పటికి మూడు నెలలు అయ్యాయి.

సరిగ్గా అప్పుడే అదే రకం ట్రాలీ ఒకటి పూజకు బయలుదేరింది. దారిలో చాయ్ కోసం చిన్న ఎత్తు మీద ఆపారు. ఖాళీ బండి, బ్రేకు మీద కాలు ఉండగానే రెండు జానలు వెనక్కి జారింది. హేమలత దిగి, రాసిచ్చిన మాట రాసిచ్చినట్టే "అంజన్న దయ" అంది. కానీ మొహం మాత్రం ముడుచుకుంది. రెండు సెకన్లు ఉంటుంది, అంతే.

ఇబ్రహీంపట్నంలో కొమురయ్య బావ తింటున్న కంచం పక్కన పెట్టి లేచాడట. "మొహం జూసినవానే?" అన్నాడట అక్కతో.

పొద్దున్నే షోరూము మనిషి కమిటీలో ఫిర్యాదు పెట్టాడు: వ్యాఖ్యాత మొహం ద్వారా అభిప్రాయం చెప్పింది. ఆ సాయంత్రమే టీవీ కింద స్క్రోలింగు వేశాం, 'నిన్నటి ఎపిసోడ్‌లో వ్యాఖ్యాత మొహం ఎండ వల్ల అట్లా ఉంది' అని. ఇక మీదట హేమలత షూటింగుకు స్కార్ఫ్ కట్టుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకోవాలని తొమ్మిదో నిబంధన చేశాం. స్కూటీ మీద పోయే ఆడపిల్లలందరూ కట్టుకునేదే కదా అన్నాడు నర్సన్న.

"మొహం కట్టుకుంటే మైకు ఏడ పెట్టుకోవాలె నర్సన్నా?"

"లోపల పెట్టుకో."

బావ ఆఫీసుకు వచ్చాడు. స్క్రోలింగు తన ఫోన్‌లో ఫోటో తీసుకుని మరీ వచ్చాడు.

"ఎండనా, బ్రేకా? ఒక్కటి తేల్చి చెప్పు నర్సన్నా. ఒక్క మొహం జూసి ఇక్కడి బతుకు వద్దనుకోవాల్నా? లోడు ఏసి చూపియ్యుండ్రి."

అడిగింది న్యాయమే. కానీ కొత్త బండికి లోడు వేయకూడదు. అందుకని సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే రాజేందర్‌ను పట్టుకున్నాం. ఆయన దగ్గర అదే రకం ట్రాలీ ఉంది, కొని మూడు నెలలు. దాని నెత్తి మీద పెద్ద అక్షరాలతో 'ప్రణీత' అని రాయించాడు. ఇంటర్ చదివే ఆయన బిడ్డ పేరు. అనుమతులు, తేదీలు, మంచిరోజు అన్నీ కుదిరేసరికి అయిదో నెల సగం గడిచింది.

తానుల మూటలు నిండా వేశాం. ఊరి బయట వంతెన ఎత్తు మీద ఆపాం. బండి ఆగింది, కాసేపు ఆలోచించినట్టు నిలబడింది, తర్వాత నెమ్మదిగా వెనక్కి బయలుదేరింది. కింద ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోయించుకున్న ఇసుక కుప్ప ఉంది. దానికి తగిలి ఆగింది. రెండు మూటలు కింద పడ్డాయి.

"బస్సయితే ఆగేది," అన్నాడు గంగారాం. మా కార్యక్రమం చరిత్రలో ఇదే మొదటి విమర్శ.

రాజేందర్ చేతులు జోడించాడు. "సారూ, నా బిడ్డ పేరున్న బండి. ప్రణీత ఆగలే, ప్రణీత ఎనుకకు జారింది అని టీవీల అస్తే పిల్ల కాలేజీకి ఎట్ల పోతది? బస్సుల పోరగాండ్లు ఊకుంటరా?"

కమిటీ ఆడపిల్ల గౌరవం వైపు నిలబడింది. ఆ నాలుగు నిమిషాలు కోసి, దండల దుకాణం యాడ్ వేశాం. చివర హేమలత ఇసుక కుప్ప పక్కన నిలబడి ఉన్న ముక్క మాత్రం వచ్చింది. స్కార్ఫ్ ఉంది, కళ్లద్దాలు ఉన్నాయి. కనుక ఏమీ తెలియలేదు. మినిట్స్‌లో నేను ఇలా రాశాను: 'లోడు పరీక్ష జరిగినది. బండి ఆగినది.' (ఇసుక కుప్ప గురించి రాయడానికి ఆ వరుసలో జాగా లేదు.)

ఆ రాత్రి హేమలత కొమురయ్య బావకు ఫోన్ చేసిందట. ఆ మాట తర్వాత బావే నాకు చెప్పాడు.

"కాకా, గా ట్రాలీ కొనకు. ఆగలే."

"మరి టీవీల ఎందుకు రాలే బిడ్డా?"

"కమిటీ కోసింది."

"అంతమంది పెద్దమనుషులు కోసిండ్రంటే ఏదో ఆలోచన జేసే కోసి ఉంటరు గదా."

"కాకా, నేను బండిలనే ఉన్న. నా కండ్లతోని జూసిన."

"నీ మొహం జూస్తే తెలుసు బిడ్డా. గా మొహమే కట్టిపెట్టిండ్రు."

తెల్లారి బావ నా ఇంటికి వచ్చాడు. చాయ్ కూడా ముట్టలేదు. "బామ్మర్ది, రాసేటోనివి నువ్వు. ఏమన్న ఉంటే నీ పుస్తకంల ఉంటది గదా. తీసి సదువు," అన్నాడు.

తీసి చదివాను. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చదివాను. బండి ఆగినది.

"నువ్వు రాసినవంటే ఇగ ఏంది," అని లేచి పోయి ఆ వారమే ట్రాలీ కొన్నాడు.

పూజకు మేము కెమెరా పట్టుకుని పోయాం. బావ నడుపుతుంటే పక్కన అక్క పళ్లెం పట్టుకుని కూర్చుంది. పెళ్లినాటి పట్టుచీర కట్టింది. మస్కట్ నుంచి వాళ్ల సేటు రెండుసార్లు ఫోన్ చేస్తే బావ ఎత్తలేదు. పదిహేను కిలోమీటర్లలో ఒక్కచోట కూడా బండి ఆపలేదు, కనుక ఏ సమస్యా రాలేదు. కొండ కింద హేమలత స్కార్ఫ్ లోపలి నుంచి "ఎట్లున్నది కాకా బండి?" అని అడిగింది. బావ ఆ కళ్లద్దాల వైపు కాసేపు చూశాడు. "అంజన్న దయ," అన్నాడు. ఐదుకు ఐదు.

పదకొండో రోజు మల్లాపూర్ దారిలో, నిండా పసుపు బస్తాలతో, కాలువ మీది ఎత్తులో ఎదురుగా గొర్లు వస్తే ఆపాడు. బండి వెనక్కి వచ్చి నీళ్లు పెట్టిన పొలంలోకి దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. బస్తాలు తడిశాయి. పసుపు రైతు బావను ఏమీ అనలేదు, కానీ మళ్లీ పిలవలేదు, ఇంకెవరూ పిలవలేదు. నేను పోయేసరికి బావ గట్టు మీద నిలబడి ట్రాలీని చూస్తున్నాడు. దాని మెడలో వాడిపోయిన పూజ దండ ఇంకా ఉంది.

"ఇది..." అని ఏదో అనబోయాడు.

"పూజయిన బండి," అంది రాజలక్ష్మి అక్క. "ఏమనకుండ్రి."

ఆ మాట అక్కడే ఆగింది. మొహం మాత్రం ముడుచుకుంది. కమిటీ అక్కడ లేదు కనుక స్కార్ఫ్ కట్టుకోమని ఎవరూ చెప్పలేదు.

వీసా గడువుకు ఇంకా తొమ్మిది రోజులు ఉండగా బావ వెళ్లిపోయాడు. ట్రాలీ ఇంటి ముందు ఉంది. అక్క దానిలో వడియాలు ఎండబెడుతుంది. కదలకుండా ఉన్నప్పుడు అది చాలా బాగా ఆగుతుంది. ఏడాది పూర్తయిన సందర్భంగా మా కార్యక్రమానికి నూటికి నూరు శాతం సంతృప్తి నమోదైందని నర్సన్న ఫ్లెక్సీ వేయించాడు. హేమలత మాత్రం మానేసి, మళ్లీ తప్పిపోయిన బర్రెల ప్రకటనలే చదువుతోంది. స్కార్ఫ్ లేకుండా చదువుతోంది. బర్రెలు తొందరగా దొరుకుతున్నాయని జనం అంటున్నారు.

మొన్న శుక్రవారం నేను అక్క వాళ్లింట్లో ఉండగా బావ వీడియో కాల్ చేశాడు. సెలవు లేదట, ట్యాంకర్‌లోనే ఉన్నాడు. అక్కడ ఇసుక గాలి. మొహానికి తువ్వాల చుట్టుకున్నాడు, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాడు. అక్క ఫోన్ నాకు ఇచ్చి, నా భుజం మీది నుంచి చూస్తోంది.

"ఎట్లున్నవ్ బావా?" అని అడిగాను.

"అంజన్న దయ బామ్మర్ది," అన్నాడు.

మా లెక్కలో అది ఐదుకు ఐదు. పుస్తకంలో రాసుకున్నాను.