ఒంటిపుల్ల పెట్టె

ఆయుధపూజ నాటి ఉదయానికి ఉమ్మే సల్మా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకు మైదానానికి పోవాలి. ఎనిమిదికి విమానం ఎగరాలి. ఎనిమిదీ పదికి దిగాలి. తొమ్మిదికల్లా ఇంటికొచ్చి, తలుపు చాటున నిలబడి, తండ్రి ఏమంటాడో వినాలి. ఈ మొత్తంలో ఆమె ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడవలసిన పని లేదు. ఆ పథకం ఆమెకు అంతగా నచ్చడానికి కారణం అదే.

సల్మా తండ్రి నాయబ్ రసూల్ తిరుపతిలో బస్టాండు వెనక వీధిలో రేడియోలు బాగుచేసేవాడు. బంగారుపాళ్యం దగ్గర అమ్మమ్మగారి ఊళ్లో పది పాసై వచ్చినప్పటి నుంచి సల్మా ఆ అంగడి వెనక, గళ్ల దుప్పటి తెర చాటున, ముక్కాలి పీట మీద కూర్చుని సోల్డరింగు చేసేది. వీధిలో సగం రేడియోలు ఆ తెర వెనకే గొంతు తెచ్చుకున్నాయి. ఆ సంగతి వీధికి తెలియదు. తెలియనివ్వవద్దని తండ్రి దగ్గర ఒట్టు వేయించుకున్నది కూడా ఆమే.

నాలుగు నెలల కిందట జయరామ్ అనే ఆయన ఒక అట్టపెట్టె చంకలో పెట్టుకుని అంగడికి వచ్చాడు. ఎయిర్‌ఫోర్సులో మెకానిక్కుగా చేసి, ప్రొపెల్లరు దెబ్బకు ఎడమ చేతి వేళ్లు పోగొట్టుకుని వచ్చిన మనిషి. ఆ చేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది. మిగిలిన ఆశ అంతా నాలుగడుగుల రెక్కలున్న ఒక బొమ్మ విమానం మీద పెట్టుకున్నాడు. రెండేళ్లు కూర్చుని తేలిక కర్రతో తానే చేసుకున్నాడు దాన్ని. నేల మీద నుంచి రేడియోతో నడిపే విమానం. దాని లైసెన్సు కాగితం చొక్కా జేబులోనే ఉంటుంది.

"రసూల్ సాహెబ్, ఇది ఫారిన్ ట్రాన్స్‌మిటరు. విమానాన్ని తిప్పేదానికి దీనికి రెండు పుల్లలు ఉండాయి. నాకేమో ఒక్క చెయ్యే ఉండాది. అన్నీ ఒక్క పుల్లతోనే జరిగేటట్ల చేసియ్యగలవా?" అన్నాడాయన.

"ఎందుకు చేయలేను సార్!" అన్నాడు రసూల్. తరువాత తెర వెనక్కు పోయి, "చేయగలమామ్మా?" అని అడిగాడు.

సల్మా తల ఊపింది. ఆ తల ఊపు విలువ నాలుగు నెలల పని. పాత సెట్టు లోపలి సర్క్యూటు తీసి కొత్త అల్యూమినియం పెట్టెలో అమర్చింది. పాత కిరసనాయిలు స్టవ్వు ఇత్తడిని కోసి ఒకదానిలో ఒకటి ఊగే రెండు చట్రాలు చేసింది. సైకిల్ చక్రం పుల్లను అరగదీసి వాటికి ఇరుసులు పెట్టింది. పుల్ల వదిలితే మధ్యకు రావడానికి బాల్‌పెన్నుల స్ప్రింగులు బిగించింది. మొదట రేడియో వాల్యూమ్ కంట్రోళ్లే వాడింది. కానీ అవి సగం దాకా మూగగా ఉండి ఆ తరువాత ఒక్కసారిగా అరిచే రకం. విమానానికి ఆ గుణం పనికిరాదని మద్రాసు నుంచి వేరేవి తెప్పించింది.

చివరికి తయారైన పుల్ల పని ఇది: ముందుకూ వెనక్కూ వంచితే విమానం ముక్కు దిగుతుంది, లేస్తుంది. పక్కలకు వంచితే రెక్కలు వాలుతాయి. పుల్ల నెత్తిన ఉన్న గుండ్రటి తలను బిరడా తిప్పినట్టు తిప్పితే విమానం తోక అటూ ఇటూ తిరుగుతుంది. ఇంజను వేగానికి పెట్టె ఎడమ అంచున ఒక చిన్న మీట. అది జయరామ్ బొటనవేలు కొలతకు చేసినది.

పెట్టె పూర్తయిన రోజు రసూల్ కూతురి ముందు షరతు పెట్టాడు.

"పాలిటెక్నిక్‌లో రేడియో మాస్టారు ఓబయ్య సార్‌ను పిలిచినాను. ఆయన కళ్ల ముందర విమానం ఎగిరి ఒక్క ముక్కగా దిగితే, వచ్చే ఏడు నువ్వు పాలిటెక్నిక్. ముక్కలుగా దిగితే చిత్తూరులో మీ అత్త కాడ కుట్టుమిషను. సరేనా?"

"సరే అబ్బా. నా పేరు మాత్రం చెప్పొద్దు."

"చెప్పనులేమ్మా."

పథకంలో మొదటి బీట తెల్లవారకముందే పడింది. అంగడి యజమానురాలు యశోదమ్మకు ఆ వీధిలో తొమ్మిది గదులున్నాయి, తొమ్మిదింటికీ రెండో తాళంచెవి ఉంది. ప్రతి ఆయుధపూజకూ ఆమె చీకటితోనే లేచి, అద్దెకున్న వాళ్ల పనిముట్లన్నిటికీ తానే చందనం, కుంకుమ పెట్టేది. కంసాలి సుత్తి, టైలరు కత్తెర, రసూల్ సోల్డరింగు కడ్డీ ఏదీ ఆమె చేతిని తప్పించుకునేది కాదు. రసూల్ వద్దనలేదు ఏనాడూ. ఆమె బొట్టు పెట్టిన ఏడాది కడ్డీ బాగా కాలుతుందని అతనికీ ఒక నమ్మకం.

ఆ ఏడు బల్ల మీద కొత్త పెట్టె కనిపించింది. కొత్త వస్తువు, పైగా ఆకాశంలోకి పంపేది. దానికి వేలితో చుక్క పెట్టి ఊరుకోవడానికి యశోదమ్మకు మనసు రాలేదు. గిన్నెడు చందనం అరగదీసి, పుల్ల మెడ చుట్టూ దట్టంగా పట్టించింది. ఏరియలుకు చామంతి దండ వేసింది.

సల్మా వచ్చి చూసి, పైన కనిపించినదంతా తడిగుడ్డతో తుడిచింది. కనిపించనిది అప్పటికే సందులోంచి లోపలికి దిగి ఇరుసుల దగ్గర హాయిగా సర్దుకుంది.

మైదానంలో జయరామ్ పరీక్ష మొదలుపెట్టాడు. పుల్ల అటు, ఇటు, ముందుకు, వెనక్కు. తడి చందనం మీద పుల్ల నూనె రాసినట్టు జారింది.

"భలే రసూల్ సాహెబ్! నిన్నటి కంటే ఈ పొద్దు ఎంత మెత్తగా ఉండాది! ఏం చేసినావు?"

"ఏదో, కొంచెం సరిచేసినాను సార్," అన్నాడు ఏమీ చేయని రసూల్, సంతోషంగా.

ఎనిమిదైంది. ఓబయ్య రాలేదు. పాలిటెక్నిక్‌లో లేతు మిషన్ల పూజకు ఆయన కూర్చోక తప్పలేదట. తొమ్మిదైంది. పెట్టె ఎండలో స్టూలు మీద కూర్చుంది. చందనం ఎండింది. తొమ్మిదిన్నరకు ఓబయ్య సైకిలు దిగి, నుదుటి కుంకుమ కళ్లలో పడకుండా తుడుచుకుంటూ, "ఏదీ, కానియ్యండి" అన్నాడు. ఒకసారి పరీక్షించిన దాన్ని మళ్లీ పరీక్షించడం తనను తాను అనుమానించడమని జయరామ్ అభిప్రాయం. పెట్టె మెడకు తగిలించుకుని ఇంజను వేయించాడు.

విమానం చక్కగా పరుగెత్తి లేచింది. సల్మా తండ్రి వెనక నిలబడి, ఓణీ కొంగు నోట్లో పెట్టుకుని చూసింది. తాను చేసిన ఇత్తడి ముక్కల మాట విని ఒక వస్తువు గాలిలో ఎగురుతోంది.

జయరామ్ విమానాన్ని కుడికి తిప్పాడు. పుల్ల కర్రుమంటూ సగం కుడికి వంగి, అక్కడే ఆగిపోయింది. వదిలినా మధ్యకు రాలేదు. బాల్‌పెన్నుల స్ప్రింగులకు అంత బలం లేదు. విమానం కుడికి ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు తిరిగింది.

సరిగ్గా అప్పుడు యశోదమ్మ రిక్షా దిగింది, పూజ పళ్లెం, సరస్వతీదేవి పటంతో సహా. పెట్టెకు పూజ చేసి విమానానికి చేయకపోతే బాగుండదని వచ్చింది. పటాన్ని తెచ్చి మైదానం మధ్యలో స్టూలు మీద పెట్టి, తల ఎత్తింది. విమానం పటం చుట్టూ తిరుగుతోంది. కుడివైపుగా.

"అయ్యో తల్లీ! ప్రదక్షిణం చేస్తా ఉండాది!" అని చేతులు జోడించింది.

రోడ్డు మీద పోయే వాళ్లకు ఆ ఒక్క మాట చాలింది. ఆ పూట రోడ్డు మీద ప్రతి బండికీ అరటి పిలక కట్టి ఉంది, ప్రతి బండీ ఎక్కడో ఒకచోట పూజకు పోతున్నదే. మోపెడ్లు ఆగాయి. ఒక ట్రాక్టరు ఆగింది. విమానమే ప్రదక్షిణం చేసే చోటును మించిన చోటు ఎక్కడుందని అందరూ తమ బండ్లను మైదానంలోకి తోలి, పటం ఎదుట వరసగా నిలిపారు. విమానం దిగవలసిన దారి అదే.

"మూడు!" అని లెక్కపెట్టింది పూలమ్మే కుప్పమ్మ. "నాలుగు! ఏమ్మే, ఎడమకు తిరిగుంటే మన గతేంది?"

ఓబయ్య కళ్లద్దాలు సరిచేసుకున్నాడు. "రసూల్ గారూ, దానంతట అది తిరిగే ఏర్పాటు ఏదైనా పెట్టినారా?"

"అవును సార్," అనేశాడు రసూల్.

"భలే! ఎట్ల చేసినారు?"

"అది... లోపల ఉండాది సార్."

జయరామ్ పళ్ల మధ్య నుంచి అన్నాడు: "పుల్ల పట్టేసింది. గట్టిగా లాగేదా?"

సల్మా తొంగి చూసింది. పుల్ల మొదట్లో పసుపు పచ్చని పొడి రాలుతోంది. చందనం వాసన వచ్చింది. ఆమెకు ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. తండ్రి చెవిలో ఉర్దూలో గొణిగింది. తండ్రి తెలుగులో జయరామ్‌కు చెప్పాడు.

"లాగొద్దు సార్. ఇరుసు సన్నది. ఇరిగితే ముక్కు కూడా మీ మాట వినదు."

"మరి ఏం చేసేది?"

ఆ ప్రశ్న రసూల్ మీదుగా వెనక్కు వచ్చింది. సల్మా మళ్లీ గొణిగింది.

"తల తిప్పమంటోం... తిప్పండి సార్."

"ఎవురి తల?"

"పుల్ల తల!"

"ఎటు? ఎంత?"

ప్రశ్న మళ్లీ వెనక్కు. ఈ లోగా కుప్పమ్మ ఏడు అంది. ట్యాంకులో నూనె పన్నెండు నిమిషాలకు పోసినది. నూనె అయిపోతే విమానం ఎక్కడ దిగాలో దాని ఇష్టం, కింద ట్రాక్టరు ఉంది. చిత్తూరులో కుట్టుమిషను ఉంది. రసూల్ ఇటు కూతురిని, అటు విమానాన్ని చూశాడు. ఒక్కసారిగా పక్కకు తప్పుకున్నాడు. అతని వెనక సల్మా అందరికీ కనిపించేట్టు మిగిలిపోయింది.

"సార్, ఈ పుల్ల నేను చేయలేదు," అన్నాడు గట్టిగా. "ఒక్క మర కూడా నేను బిగించలేదు. అంతా నా కూతురే చేసింది, సిగ్గని చెప్పనియ్యలేదు. దాన్నే అడగండి."

మైదానంలో ఉన్నవాళ్లంతా సల్మా వైపు తిరిగారు. ఆమె కాళ్లు ఇంటి దారి వెతుక్కున్నాయి. ఎనిమిది, అంది కుప్పమ్మ.

"ఎడమకు తిప్పండి సార్!" అంది సల్మా. అంత పెద్ద గొంతు తనలో ఉందని ఆమెకు అంతవరకూ తెలియదు. "సగం తిప్పండి! తల పైన ఉండాది, దానికేమీ కాలేదు. తోక ఎడమకు పడితే వాలిన రెక్క లేస్తుంది. ఆ, అంతే, పట్టుకోండి! వదలొద్దు!"

జయరామ్ తిప్పాడు. తొమ్మిదో చుట్టు సగంలో విమానం రెక్క లేచింది. నిటారుగా సాగింది. పాత రెండు పుల్లల సెట్టులో తోక ఎడమ చేతి పని. ఆ సెట్టే అయితే ఆ మనిషికి ఆ తోక దొరికేది కాదు. ఈ సంగతి అక్కడ గ్రహించినవాడు ఓబయ్య ఒక్కడే. ఆయన కళ్లద్దాలు తీసి సల్మాను ఇంకోసారి చూశాడు.

"దించండి సార్, నూనె అయిపోతా ఉండాది! మీట వెనక్కి లాగండి!"

"యాడ దించేది? బండ్లు సూడు!"

సల్మా యశోదమ్మ దగ్గరికి పరుగెత్తింది. "అత్తా, అది దిగాల! దారి కావాల!"

యశోదమ్మకు వివరాలు అక్కరలేదు. "లేయండి రా! ప్రదక్షిణం అయిపోయె, హారతికి దిగతా ఉండాది! తియ్యండి బండ్లు! ట్రాక్టరు ఎవురిది? నీ ఇంజను పాడుగాను, తియ్యప్పా!" ఆ గొంతుకు తొమ్మిది గదుల అద్దెదారులూ ఇరవై ఏళ్లుగా లేచి నిలబడుతున్నారు. మైదానం అరనిమిషంలో ఖాళీ అయింది. యశోదమ్మ పటాన్ని చంకన పెట్టుకుని తానూ తప్పుకుంది.

ఇంజను దగ్గి ఆగింది. విమానం గాలిలో జారుతూ వచ్చి, నేలను తాకి, ఒకసారి ఎగిరి, మళ్లీ తాకి, ట్రాక్టరు ముందర జానెడు దూరంలో నిలబడింది. జనం గోవిందలు కొట్టారు. అందరూ చేతులెత్తి మొక్కుతుండగా ఒక చిన్న చక్రం మాత్రం విమానాన్ని వదిలి, దొర్లుకుంటూ వచ్చి రసూల్ చెప్పుకు తగిలి పడిపోయింది.

సల్మా చూసింది. విమానం ఒకటి, చక్రం ఒకటి. లెక్కకు రెండు ముక్కలు.

రసూల్ వంగాడు. చక్రం తీసి, మట్టి దులిపి, లాల్చీ జేబులో వేసుకున్నాడు. "ఒక్క ముక్కగానే దిగింది," అన్నాడు ఓబయ్యతో, ఎవరూ అడగకుండానే. "సూసినారు గదా సార్? నా కూతురు చేసింది."

ఓబయ్య స్క్రూడ్రైవరు తెప్పించి పెట్టె విప్పాడు. వేలితో గోకి వాసన చూశాడు. "ఈ చందనం ఎవరు పెట్టినారు?"

"నేనే!" అంది యశోదమ్మ. "ఎట్ల పనిచేసిందో సూసినారు గదా!"

ఆమెతో వాదించి గెలిచే వీలు లేదు. ఆయన సల్మాను పిలిచి, ఇత్తడి చట్రం చూపించి, "దీన్ని ఇట్ల ఎందుకు కోసినావమ్మా?" అని అడిగాడు. సల్మా చెప్పడం మొదలుపెట్టింది. వాల్యూమ్ కంట్రోళ్ల దగ్గర మొదలై స్ప్రింగుల దగ్గరికి వచ్చేసరికి పావుగంట అయింది. ఆయన తల ఊపుతూ విన్నాడు. జయరామ్ ఏరియలు మీద దండ సర్దుతూ విన్నాడు. రసూల్ వినలేదు. వచ్చే పోయే ప్రతి మనిషినీ ఆపి, "మాట్లాడతా ఉండాదే, ఆ పిల్ల, నా కూతురే" అని చెప్పడంలో అతనికి తీరిక చిక్కలేదు.

"జూన్‌లో ఫారం పెట్టించండి," అన్నాడు ఓబయ్య చివరికి. "ఈ పిల్ల ఇంత బాగా మాట్లాడుతుందే, సిగ్గని చెప్పినారేం మీరు?"

మరుసటి ఏడు పాలిటెక్నిక్‌లో చేరిన ఉమ్మే సల్మా మొదటి నెలంతా ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆమెను మాట్లాడించాలంటే ఏదో ఒకటి చెడగొట్టుకుని తీసుకుపోవాలని తోటి విద్యార్థులకు రెండో నెలలో తెలిసింది.