తొమ్మిది చుక్కలు

పదకొండు గంటలకు అబిడ్స్‌లో మీటింగ్. పెద్ద సూది పని లేకుండా, చర్మానికి అంటిస్తే సరిపోయే వ్యాక్సిన్ పట్టీ మీద సౌభాగ్య తొమ్మిదేళ్లు పనిచేసింది. దాన్ని మనుషుల మీద పరీక్షించడానికి అనుమతి ఇవ్వాల్సిన కమిటీ చైర్మన్ గోపాలరావు "మళ్లీ తీసుకురండి" అంటూ ఫైలును ఇప్పటికి మూడుసార్లు తిప్పి పంపాడు. ఈసారీ కాదంటే ప్రాజెక్టు మూతపడినట్టే.

నొప్పి ఉండదని చూపించడానికి పొద్దున్నే మందు లేని ఉత్త పట్టీని తన చేతికే అంటించుకుని తీసింది. దానికి కంటికి ఆనని ముళ్లు తొమ్మిది, మూడేసి చొప్పున మూడు వరసలు. చేతి మీద తొమ్మిది ఎర్ర చుక్కలు పడ్డాయి. ఒళ్లు కాస్త వెచ్చగా ఉంటే, కంగారు వల్లే అనుకుంది.

వంటింట్లోంచి వచ్చిన పనిమనిషి జంగమ్మ ఆ చేయి చూసి ఆగిపోయింది. ఏడేళ్లుగా ఈ నాంపల్లి ఫ్లాట్‌లో నోరు మూయని మనిషి నోరు మూసేసరికి ఇల్లు ఇల్లులా లేదు. ఉప్మాలో తాలింపు లేదు. గుమ్మానికి వేపమండ ఎప్పుడు కట్టిందో తెలియదు.

"అమ్మవారు పోసింది. బయటికి పోవద్దు తల్లీ," అంది చివరికి, కళ్లు దించుకుని.

"అమ్మవారు గిట్ల లైన్లల్ల పోస్తదా జంగమ్మా? ఇవి నా పట్టీవి."

"సదువుకున్నోళ్లకు లైన్లల్లనే పోస్తదేమో."

సౌభాగ్య వినకుండా కిందికి దిగింది. జంగమ్మ ఫోను అంతకంటే ముందే దిగింది. రోజూ వచ్చే ఆటో బీరయ్య చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు. ఎక్కడికని అడగలేదు, మీటరు వెయ్యలేదు. స్టేషన్ రోడ్డులో హారన్ కొట్టకుండా ఆటో నడపడం ఆమె అదే మొదటిసారి చూడటం. అద్దంలో అతని కళ్లు ఆమె చేతి మీదే ఉన్నాయి. జీపీఓ దగ్గర సిగ్నల్ పడితే, పూలమ్మే ముసలావిడ వచ్చి మాటా పలుకూ లేకుండా ఒక వేపకొమ్మ ఆమె ఒళ్లో పెట్టి, దండం పెట్టుకుని వెళ్లిపోయింది. ఎండ మండిపోతున్నా సౌభాగ్యకు చలి వేసింది. నిజానికి భయమే వేసింది. ఆటో ముందు కూడా వేపమండ కట్టి ఉందని దిగాక గాని చూడలేదు.

హాల్లో ఆమె చేతిలో వేపకొమ్మ చూసి గోపాలరావు ముఖం చిట్లించాడు. ఇదే అదను అనుకుని ఆమె జరిగిందంతా చెప్పి, చేతిని కెమెరా కింద పెట్టింది.

"ముళ్లు తొమ్మిది, చుక్కలు తొమ్మిది. మీరే లెక్కపెట్టుకోండి సర్."

తెర మీద చేయి గోడంత అయింది. గోపాలరావు కళ్లజోడు సవరించుకుని లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"పద్నాలుగు ఉన్నాయమ్మా," అన్నాడు మెల్లగా.

సౌభాగ్య తెర వైపు తిరిగింది. తొమ్మిది బుద్ధిగా వరసల్లోనే ఉన్నాయి. మిగతా ఐదూ మోచేతి దాకా ఇష్టమొచ్చిన చోట లేచాయి, ఒక్కొక్కదాని నెత్తిన ఒక నీటిబుడగ. తొమ్మిదేళ్లు వైరస్‌లతో కాపురం చేసిన మనిషికి అవేమిటో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఫైలు ఇవ్వబోయి ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. కమిటీ కుర్చీలతో సహా వెనక్కి జరిగింది.

"ఫైలు అక్కడే ఉంచమ్మా. అనుమతి ఇచ్చేశాం. ఇంక మళ్లీ తీసుకురావద్దు," అన్నాడు గోపాలరావు. అతని చేతులు వాటంతటవే జోడయ్యాయి.

ఇంటికి వచ్చేసరికి జంగమ్మ చాప పరిచి, వేపాకు చల్లి సిద్ధంగా ఉంది. సౌభాగ్య సిగ్గుపడుతూ చేయి చాపింది. జంగమ్మ కొత్త చుక్కలనూ పాత చుక్కలనూ తీరుబడిగా చూసింది.

"నువ్వన్నదే నిజం తల్లీ. లైన్లల్ల ఉన్నయి నీ పట్టీవే."