పేరుపేరునా పిలుపు

శనివారం పొద్దున చాయ్ తాగుతూనే కొమరయ్య ఆ రోజు పని ఖాయం చేసుకున్నాడు. మధ్యాహ్నానికల్లా పెళ్లి కవర్ల మీద అడ్రసులు వేయించాలి, సాయంత్రం ఎల్బీనగర్‌లో పోస్టు చేయాలి. కొడుకు సుమన్ పెళ్లి దగ్గరికొచ్చేసింది. కార్డులు వచ్చాయి, కవర్లు వచ్చాయి, వాటి మీద పేర్లే లేవు. కొమరయ్య ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యాడు. బస్సు దిగి చాన్నాళ్లయినా ఆయన చేతిరాత మాత్రం ఇంకా ఊగుతూనే ఉంది.

"వాట్సాప్‌ల పెడితే అయిపాయె గదా నాన్నా" అన్నాడు సుమన్.

"వాట్సాప్‌ల పిలిస్తే వాట్సాప్‌లనే దీవిస్తరు" అంది తల్లి ఎలీశమ్మ. "పేరుపేరున పోస్టుల పోవాలె. మా అన్న స్టీవెన్‌కైతే ముందుగాల అందాలె. ఆయన రాకుంటే నేను చర్చిల అడుగు పెట్ట."

దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రెస్సువాడు కవర్ల మీద ముద్రించడానికి చెప్పిన ధర వినగానే కొమరయ్య కవర్లు చంకన పెట్టుకున్నాడు. "లోపలి కార్డు కంటే కవరు మీది పేరుకే ఎక్కువైతదా!" అంటూ బయటపడ్డాడు. చైతన్యపురిలో జిరాక్స్ షాపు నడిపే అలేఖ్య ఆయనకు దారి చూపింది.

"కవర్లు మెషీన్లో ఇరుక్కుంటాయి అంకుల్. స్టిక్కర్ షీట్ల మీద కొట్టేస్తాను, మీరు పీకి అతికించుకోవడమే. చాలా చవక. అడ్రసులు ఎక్కడున్నాయి?"

"నా ఫోన్లనే ఉన్నయమ్మా. ఒక్కొక్క పేరు కింద నోటితోని చెప్పి ఎక్కించిన."

"అయితే టైపింగ్ ఖర్చు కూడా లేదు."

షాపు నిండా హాల్ టికెట్ల కోసం తోసుకుంటున్న పిల్లలు. అలేఖ్య ఒక్క పేరూ చదవకుండానే షీట్లు తీసి చేతిలో పెట్టింది. కొమరయ్య మాత్రం అక్కడే బల్ల మీద కూర్చుని, ప్రతి స్టిక్కరూ చదివి, వంకర లేకుండా అతికించాడు. ఫోన్ మోగినప్పుడల్లా ఏళ్ల తరబడి చూస్తున్న పేర్లే కాబట్టి ఆయనకు వాటిలో తేడా ఏమీ కనిపించలేదు.

మంగళవారం మొదటి ఫోన్ వచ్చింది. చంపాపేట్‌లో ఆయనతో పాటు రోజూ వాకింగ్ చేసే రామారావు.

"ఏవండీ కొమరయ్య గారూ, నేను నసా?"

"ఏందన్నా, ఎవరన్నరు?"

"మీరేనండీ! 'నస రామారావు' అని కవరు మీద పిన్‌కోడుతో సహా అచ్చేయించారుగా! పోస్ట్‌మ్యాన్ వీధిలో నలుగుర్నీ అడిగి మరీ ఇచ్చి వెళ్లాడు!"

కొమరయ్యకు అప్పుడు వెలిగింది. ఫోన్లో ఒకే పేరువాళ్లు ఎక్కువైపోయి, గుర్తు కోసం తానే పెట్టుకున్న పేర్లవి. ఇప్పుడవి హైదరాబాద్ అంతా తిరుగుతున్నాయి. ఇంతలో ఫోన్ మళ్లీ మోగింది. తెర మీద 'గురక భిక్షపతి'.

"ఏంరా, కవరు నా కోడలు తెరిచింది! నా గురక ముచ్చట నీకెవడు చెప్పిండు?"

"శ్రీశైలం డ్యూటీల ఒక్క రూముల పండుకుంటిమి గదరా..." అన్నాడు కొమరయ్య, అబద్ధం తోచక.

ఎలీశమ్మ వంటింట్లోంచి వచ్చింది. సంగతి వినగానే ఆమె ముఖం పాలిపోయింది.

"మా అన్నకేం రాసినవ్?"

కొమరయ్య స్కూటరు తాళాలు వెతకసాగాడు.

"చెప్తవా లేదా?"

"'ఎత్తొద్దు స్టీవెన్'."

"ఏం ఎత్తొద్దు?"

"ఫోను."

ఎలీశమ్మ కుర్చీలో కూలబడింది. అంతలోనే ఏదో తట్టి, దిగ్గున లేచింది. "మరి పాస్టరయ్యకు?"

"'గంటన్నర పాస్టర్'. జర ప్రసంగం లంబగ ఉంటది గదా అని..."

"యేసయ్యా! పెండ్లి చేసేటాయనకేనా!"

ఇద్దరూ ఆ పూటే స్కూటరెక్కారు. స్టీవెన్ ఇంటికి తాళం. చెల్లెలు ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. పాస్టరుగారు కవరు చేత్తో పట్టుకునే తలుపు తీశారు. "దేవుని చిత్తం" అని ఊరుకున్నారు. ఆయన ఒక్క మాటతో ఆపడం ఎలీశమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఇల్లు చేరేదాకా ఆమె కళ్లు తుడుచుకుంటూనే ఉంది. పెళ్లి దాకా కొమరయ్య గడప గడపకూ వెళ్లి చేతులు జోడించాడు. ఎవరూ వస్తామనలేదు, రామనీ అనలేదు.

పెళ్లినాడు చర్చికి వచ్చిన కొమరయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపల నిలబడటానికి కూడా చోటు లేదు. ఎవరికి ఏ పేరు పడిందో చూద్దామని పిలుపందినవాళ్లు పిలవనివాళ్లనూ వెంటబెట్టుకొచ్చారు. గురక భిక్షపతికి అసలు గురకే రాదని అబద్ధాల భిక్షపతి అందరికీ సాక్ష్యం చెబుతున్నాడు. స్టీవెన్ వచ్చి బావ భుజం మీద చెయ్యి వేశాడు.

"మా ఆఫీసుల కవరు జూపించిన బావా. అందరు నన్ను గట్లనే సేవ్ చేసుకున్నరంట. నువ్వొక్కనివే దాచకుండ చెప్పినవ్."

పాస్టరుగారు ప్రసంగం ఎంత తొందరగా ముగించారంటే, బయట బిర్యానీకి ఇంకా దమ్ము కూడా పడలేదు. జనం పొయ్యి చుట్టూ నిలబడి కొమరయ్యను మెచ్చుకున్నారు.

అందరూ తింటుండగా, పాత ఇంట్లో వాళ్లకు పొరుగున ఉండే జోగారావు చెప్పులేసుకోవడం ఎలీశమ్మ చూసింది.

"అన్నయ్యగారూ, తినకుండ పోతున్నరేంది?"

"ఎందుకులెండమ్మా" అన్నాడాయన. "అందరికీ తలో పేరు పెట్టుకున్నారు. ఇన్నేళ్లు గోడకు గోడ ఆనుకుని బతికాం, నాకు మటుకు ఉత్త 'జోగారావు గారు'! పరాయివాళ్లకి రాసినట్టు!"

ఎంత బతిమాలినా ఆయన ఆగలేదు. ఆ కవర్ల మూలంగా కొమరయ్యకు దూరమైంది ఆయనొక్కరే.