నడుస్తున్న దానికి ప్రారంభోత్సవం

"ప్రపంచంలో ఎవరూ పేరు కూడా వినని ఆపరేటింగ్ సిస్టమ్‌ని ప్రజలకు అంకితం చేస్తున్నాను!" అని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించారు. హాలు దద్దరిల్లింది. ఎవరూ పేరు వినని దాన్ని ఎవరు మాత్రం విమర్శించగలరు? అదీ ఆయన దూరదృష్టి.

"ఇది కొన్నది కాదు, మన శాఖ కన్నది! సర్వర్ల దగ్గర్నుంచి మీ టేబుళ్ళ మీది కంప్యూటర్ల దాకా ఇక అన్నీ దీనిమీదే. ఈ నెలాఖర్లో నా చేత్తో బటన్ నొక్కి ప్రారంభిస్తాను."

వెనక వరసలో సిస్టమ్స్ ఆఫీసరు కూడా అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. చప్పట్ల దగ్గర ఆయన ఏనాడూ వెనకబడిన మనిషి కాడు. కానీ సగంలో ఒక సంగతి తట్టి రెండు చేతులూ గాల్లోనే ఆగిపోయాయి. మంత్రిగారు ప్రారంభిస్తానంటున్నది తన గదిలో ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంది.

గదంటే పెద్ద గదేమీ కాదు. మెట్ల కింద చీపుళ్ళు, విరిగిన కుర్చీలు పెట్టుకునే చోటు. ఏసీ కారుతుంటే కింద ప్లాస్టిక్ బకెట్టు. బకెట్టు పక్కన సర్వరు. దానిమీద కొమ్ములూ, చేతిలో శూలమూ ఉన్న ఎర్రటి బుల్లి దెయ్యం స్టిక్కరు. ఆ ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసిన వాళ్ళ ముద్దుబొమ్మ అది. ఆఫీసులో అందరూ దాన్ని ఎర్రబ్బాయి అనేవారు.

పాత ఆఫీసరొకాయన లైసెన్సు కొనడానికి డబ్బు అడిగి, ఫైలు వెనక తిరిగి తిరిగి కాళ్ళరిగి, చివరికి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఈ సిస్టమ్‌ని దింపి ఎక్కించి, రిటైరై వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి ఎర్రబ్బాయి ఆగలేదు. ఆగితే కమిటీ వచ్చేది, కమిటీ వెనక టెండరు వచ్చేది, టెండరు వెనక ఎవరి బావమరిదో వచ్చేవాడు. చెడిపోని వస్తువుకి సర్కారులో దిక్కూ మొక్కూ ఉండదు. వాడు చెడిపోలేదు కాబట్టి వాడొకడున్నాడని పైవాళ్ళకి తెలియనే లేదు.

తెలిసింది పోయిన నెల. లైసెన్సు గడువు ఎవరూ గుర్తుంచుకోక మిగతా శాఖల సర్వర్లన్నీ ఒకేసారి పడకేశాయి. ఆరోగ్యశాఖ ఒక్కటే నడిచిందని పేపర్లు రాశాయి. "మనది ఎందుకు నడిచింది?" అని మంత్రిగారు గర్జించారు. ఏదైనా ఎందుకు ఆగిందో చెప్పటంలో శాఖకు ఎనలేని అనుభవం ఉంది. ఎందుకు నడిచిందో చెప్పాల్సి రావటం చరిత్రలో అదే మొదలు.

సిస్టమ్స్ ఆఫీసర్ని పిలిపించారు.

"దీన్ని ఎవరు చేశారయ్యా?"

"ఎవరెవరో సార్. లోకం నిండా ఉన్నారు. డబ్బు తీసుకోకుండా, అందరికీ ఉచితంగా..."

"ఉచితమా? ఉచితమైతే అది నా పథకమే!" మంత్రిగారు బల్ల గుద్దారు.

"ఇంకోటి సార్. లోపల ఏం రాసి ఉందో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు."

మంత్రిగారి మొహం నల్లబడింది. "ఎవరైనా చూడొచ్చా? ఏ ఫైలూ ఎవరికీ చూపించని శాఖయ్యా మనది! తలుపు తీసి కూర్చుంటే ఎట్లా?"

"తలుపు తీసి ఉంటేనే దొంగ తొందరగా దొరుకుతాడు సార్, అందరూ చూస్తుంటారు గనక..."

పక్కనే నిలబడ్డ డైరెక్టర్‌గారు దగ్గారు. దొంగ అనే మాట ఆ గదిలో అనకూడదని సిస్టమ్స్ ఆఫీసరుకి అప్పుడు గుర్తొచ్చింది. "తమరి ఫొటో స్క్రీన్ మీద పెట్టుకోవచ్చు సార్" అని సర్దుకున్నాడు.

"అట్లా చెప్పు మరి!" అని మంత్రిగారు వెలిగిపోయారు.

ఎర్రబ్బాయి చేసే పని చిన్నదే. సర్కారు ఆసుపత్రుల్లో డయాలసిస్ రోగులకు ఏ రోజు, ఏ పూట, ఏ మంచమో చీటీ ఇస్తాడు. చీటీ లేనిదే మంచం లేదు. మంచం లేనిదే ఒంట్లో విషం బయటికి పోదు. సిస్టమ్స్ ఆఫీసరు పెద్దక్క ఆ చీటీల మీదే బతుకుతోంది. తమ్ముడింట్లోనే ఉంటుంది, తమ్ముణ్ణి చెడామడా తిట్టే హక్కుతో సహా.

"ఏరా, మీ దెయ్యప్పిల్లగాణ్ణి మీ మంత్రి ఇప్పుడు కన్నాడటగా? పేపర్లో వేశారు. పురుడెవరు పోశారో?"

"ఊరుకో అక్కా. ఎవరన్నా వింటే..."

"విననీ. నీకు నోరు లేదని నేనూ మూసుకోవాలా? అది సరే గానీ, ఆసుపత్రిలో ఆ కొత్త డయాలసిస్ వార్డు తాళం ఎప్పుడు తీస్తారు? గోడలకి రంగులేసి ఎన్నాళ్ళయింది! ఉన్న నాలుగు మిషన్ల ముందు మేం పడిగాపులు పడుతున్నాం. మొన్న పక్క మంచం ఆవిడకి వంతు వచ్చేసరికి ఆవిడే లేదు."

"మంత్రిగారు ప్రారంభించాలక్కా. ఆయనకి తీరికుండొద్దూ?"

"నడిచేవాటిని ప్రారంభించడానికి మాత్రం తీరిక దొరికిందేం?"

సిస్టమ్స్ ఆఫీసరు పేపరు మడిచి పక్కన పెట్టాడు. జవాబు తెలిసిన చోట నోరు మూసుకోవటమే ఆయన సర్వీసు రహస్యం.

మర్నాడు డైరెక్టర్‌గారు పిలిచారు. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమనే రకం ఆయన. అందుకే డైరెక్టరయ్యాడు.

"మంత్రిగారు నొక్కే ముందు దాన్ని ఆపి ఉంచవయ్యా."

"ఆపటమా సార్?"

"ఆగి ఉంటేనే కదా ప్రారంభించేది? నడుస్తున్న దాన్ని ప్రారంభిస్తే జనం నవ్వరూ?"

"సార్, అది పాత మిషను. ఏళ్ళుగా తిరుగుతున్న డిస్కులు ఒకసారి చల్లబడితే మళ్ళీ లేస్తాయన్న నమ్మకం లేదు. లేవకపోతే ఎక్కడా చీటీ రాదు."

"లేస్తే ఘనత మంత్రిగారిది, లేవకపోతే బాధ్యత నీది. ఇందులో నీకు అర్థం కానిదేముంది? బటన్ మన స్టోరు నుంచి వస్తుంది. మిగతాది నువ్వు చూసుకో."

సిస్టమ్స్ ఆఫీసరు గొంతులో వెలక్కాయ పడింది. "చిత్తం సార్" అన్నది మాత్రం వెలక్కాయ పక్కనుంచి ఎలాగో బయటికొచ్చింది.

ఈలోగా టేబుళ్ళ మీది కంప్యూటర్లకు కూడా కొత్త సిస్టమ్ ఎక్కించే మహాయజ్ఞం మొదలైంది. మొదట అకౌంట్స్ సెక్షన్లో ఎక్కించారు. పని బ్రహ్మాండంగా నడిచింది. పేకాట మాత్రం కనపడలేదు. మధ్యాహ్నానికల్లా సెక్షన్ సెక్షనంతా కుర్చీలు వదిలి వరండాలోకి వచ్చేసింది.

"ఇది ఉద్యోగుల ప్రాథమిక హక్కు మీద దాడి!" అని యూనియన్ లీడరు మెట్టెక్కి అరిచాడు. "పేకాట లేకపోతే సాయంత్రం దాకా మేం ఏం చెయ్యాలి?"

పని చెయ్యొచ్చు కదా అని కొత్తగా చేరిన టైపిస్టమ్మ అన్నదట. ఆవిణ్ణి అందరూ జాలిగా చూశారు. డైరెక్టర్‌గారు అప్పటికప్పుడు చారిత్రక నిర్ణయం తీసుకున్నారు: పాత సిస్టమే మళ్ళీ ఎక్కించి, పైన మంత్రిగారి ఫొటో పెట్టాలి. పెట్టారు. సాయంత్రానికి "టేబుల్ కంప్యూటర్లు నూటికి నూరుపాళ్ళు మారిపోయాయి" అని ప్రకటన వెళ్ళింది. మంత్రిగారి నుదుటి మీద పేకముక్కలు పరుచుకుని అకౌంట్స్ సెక్షన్ మళ్ళీ ప్రజాసేవలో మునిగిపోయింది.

ప్రారంభోత్సవం రోజు రానే వచ్చింది. ఎర్రబ్బాయి కొమ్ముల మీద మంత్రిగారి స్టిక్కరు అంటించారు. శూలం కొన మాత్రం ఆయన చెవి వెనక నుంచి కాస్త బయటికి కనపడుతోంది. స్టేజీ మీద శాటిన్ గుడ్డ చుట్టిన పీఠం, పీఠం మీద అరచెయ్యంత ఎర్ర బటన్.

"ఆపావా?" డైరెక్టర్‌గారు చెవిలో అడిగారు.

"ఆపాను సార్."

అబద్ధం. సిస్టమ్స్ ఆఫీసరు మిషన్ని ఆపలేదు. ఆ పొద్దున అక్క ఆసుపత్రికి బయలుదేరుతూ చెప్పులేసుకుని, "నీ మిషను ఆగితే నా మిషను ఆగుద్ది, చూసుకోరా" అని నవ్వుతూనే అంది. ఆ నవ్వు ఆయన్ని మెట్ల కింద గది దాకా వెంటాడింది. మిషను దగ్గర్నుంచి స్టేజీ దాకా తనే లాగించిన వైరుని బటన్‌కి కలిపితే ఏమవుతుందోనని, కొస మడిచి తివాచీ కిందకి తోసేశాడు. జన్మలో ఆయన చేసిన తిరుగుబాటు అదొక్కటే. దానికే చొక్కా వీపంతా తడిసిపోయింది. స్టోరు మనిషి వచ్చి బటన్ పెట్టి, గుడ్డ చుట్టి, వైరు సంగతి ఎత్తకుండానే వెళ్ళిపోయాడు. మనిషి మరిచిపోయాడు, బతికిపోయాననుకున్నాడు సిస్టమ్స్ ఆఫీసరు.

మంత్రిగారు చెయ్యెత్తారు. విలేకరులు కెమెరాలు ఎత్తారు. "ఈ క్షణం నుంచీ!" అని నొక్కారు. బటన్ లోపల పచ్చ లైటు వెలిగింది. సన్నాయి సంగీతం వినిపించింది. స్క్రీన్ మీద చీటీలు వరసగా కదులుతుంటే జనం నోళ్ళు తెరిచి చూశారు. నిన్నా అలాగే కదిలాయి. నిన్న ఎవరూ చూడలేదు.

"చూశారా, నా వేలి ముందు నిద్ర లేచింది!" అన్నారు మంత్రిగారు. కళ్ళు చెమర్చాయి కూడా.

సిస్టమ్స్ ఆఫీసర్ని స్టేజీ మీదకి పిలిచి శాలువా కప్పారు. "ఏం కావాలో కోరుకోవయ్యా!" అన్నారు. అడగనిదే అమ్మయినా పెట్టదు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో మొదటిసారి ఆయనకు నోరొచ్చింది.

"సార్... పెద్దాసుపత్రిలో కొత్త డయాలసిస్ వార్డు తయారుగా ఉంది. మీ చేతుల మీదుగా..."

"వచ్చే బుధవారమే! రాసుకోండి!" అని మంత్రిగారు ప్రకటించేశారు. "అంతకు ముందు సోమవారం విదేశీ అతిథులు వస్తున్నారు. వాళ్ళ ముందు ఈ సిస్టమ్‌ని ఒకసారి ఆపి, మళ్ళీ లేపి చూపిస్తాను!"

శాలువా కింద సిస్టమ్స్ ఆఫీసరుకి తివాచీ కింద మడిచిన వైరు గుర్తొచ్చింది. ఇంటికెళ్తే అక్క ఎన్నడూ లేంది తలమీద చెయ్యేసి, "ఒరే, నువ్వు కూడా మనిషివేరా! మా వాళ్ళందరికీ చెప్పాను, మా తమ్ముడే అడిగాడని. వచ్చే వంతు కూడా వదులుకుని కొత్త వార్డులో మొదటి మంచం కోసం పేరు రాయించుకున్నాను" అంది.

మర్నాడు పొద్దున్నే డైరెక్టర్‌గారి గదిలోకి వెళ్ళి తలుపేశాడు.

"సార్, నా ఉద్యోగం తీసెయ్యండి. నిజం చెప్పేస్తాను. ఆ రోజు నేను మిషను ఆపలేదు. సోమవారం మంత్రిగారు ఆపుతానని నొక్కితే అది ఆగదు. అతిథుల ముందు ఆయన పరువు పోతుంది. నేను వైరు కలపలేదు సార్."

డైరెక్టర్‌గారు కళ్ళజోడు తీశారు. "ఏ వైరు?"

"బటన్‌కీ మిషన్‌కీ మధ్య..."

డైరెక్టర్‌గారు ఆయన్ని ఎగాదిగా చూశారు. లేచి బీరువా తీశారు. బీరువా నిండా బటన్లు. ఎరుపువి, పచ్చవి, బంగారు రంగువి. ఒక్కోదాని మీదా అంటించిన కాగితం ముక్క: పాత వంతెన. మంచినీళ్ళ పథకం. బాలింతల వార్డు. వీధి దీపాలు.

"సోమవారం నొక్కితే లైటు ఆరుతుంది. మళ్ళీ నొక్కితే వెలుగుతుంది. అతిథులు లైటునే చూస్తారయ్యా, వాళ్ళ దేశంలోనూ మంత్రులున్నారు" అన్నారు డైరెక్టర్‌గారు. కింది అరలోంచి కొత్త బటన్ ఒకటి తీసి చేతిలో పెట్టారు. "ఇది బుధవారానిది. మీ అక్కయ్యగారి వార్డుకి. నువ్వే దగ్గరుండి చూసుకో."

సిస్టమ్స్ ఆఫీసరు బటన్ని తిరగేశాడు. వెనక నున్నగా ఉంది. బ్యాటరీ మూత తప్ప వైరు దూరేందుకు సూదిమొనంత బెజ్జం లేదు.

"సార్, మరి వార్డులో మిషన్లు..."

"తాళం తీస్తే లోపల ఏముందో నాకు మాత్రం ఏం తెలుసు? నడవటానికీ ప్రారంభోత్సవానికీ సంబంధం లేదని నీ ఎర్రబ్బాయే నిరూపించాడు కదయ్యా!" అని డైరెక్టర్‌గారు ఆప్యాయంగా భుజం తట్టారు.

మెట్లు దిగుతుంటే జేబులో ఫోను మోగింది. అక్క.

"ఒరే, బుధవారం ఖాయమేగా?"

సిస్టమ్స్ ఆఫీసరు చేతిలో బటన్ వంక చూశాడు. మెట్ల కింద గదిలోంచి ఎర్రబ్బాయి హోరు సన్నగా వినపడుతోంది, బకెట్లో ఏసీ నీళ్ళు పడుతున్న చప్పుడూ.

"ఖాయమేనక్కా."

"అయితే మీ మంత్రికి చెప్పు," అంది అక్క, "ముట్టీ ముట్టనట్టు కాకుండా కాస్త గట్టిగా నొక్కమను."