కొలత టేపుతో హత్యాయత్నం

కొలత టేపును మారణాయుధంగా గుర్తించిన మొట్టమొదటి జిల్లా మనదేనని ఆగస్టు పదిహేనున బాపట్ల పరేడ్ మైదానంలో మంత్రిగారు ప్రకటించారు. చప్పట్లు మోగాయి. ఒక దర్జీ దాడి నుంచి ఆత్మరక్షణ చేసుకున్న సి.ఐ. రాజీవ్ గారి కొత్త యూనిఫాం మీద పతకం గుచ్చారు. అంతటి వాన బురదలోనూ సి.ఐ. గారి ప్యాంటు అంచుకు మరక అంటలేదు. క్రమశిక్షణంటే ఇదీ అని మంత్రిగారు ముచ్చటపడ్డారు.

వెనక వరసలో హెడ్ కానిస్టేబుల్ దావీదు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆ ఆత్మరక్షణను రాసింది ఆయనే మరి.

జరిగింది చిన్న విషయం. జూలైలో, రేపల్లె అవతల ఒక స్టేషన్‌కి, పేరెందుకులెండి, టైలర్ నబీ సాహెబ్‌ను పిలిపించారు. పరేడ్‌కి సి.ఐ. గారి యూనిఫాం కొలతలు తీయాలి. సాహెబ్‌కి మోకాళ్ళ నొప్పులు. అందుకని ఆయన కొలతలు పై నుంచి కిందికి వస్తాయి. మెడ, భుజం, ఛాతీ, నడుము. ప్యాంటు పొడవు మాత్రం ఆఖరున, ఒక్కసారే మోకాళ్ళ మీద కూర్చుని. ఆయన చేత ప్యాంటు కుట్టించుకున్న ప్రతి మగాడికీ ఇది తెలుసు.

సాహెబ్ కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే సి.ఐ. గారు, ఫోటోలో ఎలా ఉంటుందోనని అద్దంలో చూసుకుంటూ పిస్తోలు తీశారు. అది పేలింది. తూటా సాహెబ్ కుడి మోకాలి పైన దిగింది.

"ఏంటి దావీదూ, ఇప్పుడెట్టా?"

"కంగారు పడకండి సార్. మీ ప్రాణానికి ముప్పు వచ్చిందండి."

"ఎప్పుడొచ్చింది?"

"రాస్తున్నానండి."

నబీ సాహెబ్ లోపలికి వస్తూనే అయిదడుగుల టేపుతో మెడకు ఉరి బిగించాడని, సి.ఐ. గారు ఎంతో నిగ్రహంతో ఒక్క తూటాతో సరిపెట్టారని దావీదు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు.

చిక్కల్లా యూనిఫాం దగ్గరొచ్చింది. మారణాయుధమని రాసుకున్నాక ఏ టేపునూ స్టేషన్ గడప దాటి లోపలికి రానివ్వకూడదు కదా. ఆ మాటకొస్తే చెరుకుపల్లి దాకా ఏ టైలర్‌ని అడిగినా మిషన్ రిపేరన్నాడు. చివరికి దావీదే సాహెబ్ ఇంటికెళ్ళాడు.

సాహెబ్ మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. మిషన్ ముందు ఆయన భార్య మున్నీ బీ.

"కేసు వేరు, కుట్టు వేరమ్మా," అన్నాడు దావీదు.

"గిరాకీ బట్ట ఇంట్లో ఉంచుకోకూడదంటారు మా ఆయన. కుట్టిపెడతా భాయ్. పుస్తకంలో కొలతలన్నీ ఉన్నాయి, పొడవొక్కటే లేదు. అది రాసేలోపే..."

"అందాజుగా కుట్టెయ్యమ్మా."

"మీ సారుని నేనెప్పుడు చూశా? ఎంత మనిషేంటి?"

దావీదు కాసేపు ఆలోచించి, "మధ్యరకం," అన్నాడు.

తొక్కుడు మిషన్‌కి కుడికాలే ఆధారం. అదిక వంగదని డాక్టర్లు చెప్పాక, సాహెబ్ తెనాలి కోర్టులో ప్రభుత్వం మీద నష్టపరిహారం దావా వేశాడు. ఆత్మరక్షణ కనుక రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదని ప్రభుత్వం జవాబిచ్చింది. ఆ మాటే నిలబడితే సాహెబ్ మిషన్ అమ్ముకోవాల్సిందే.

సి.ఐ. గారు పతకం ఉన్న యూనిఫాంలోనే వచ్చి బోనెక్కారు. కాలర్ మెడకి అతికినట్టుంది. సాహెబ్ తరఫు లాయరు స్టెల్లా లేచింది.

"టేపు మీ మెడ మీద ఎప్పుడు పడిందండి?"

"గదిలోకి రాగానే. పడీ పడకముందే కాల్చాను."

"కొలతలు తీయలేదా?"

"ఒక్క అంగుళం తీయనిస్తేనా!"

"యూనిఫాం భలే కుదిరిందండి. ఎవరు కుట్టారు?"

"ఈ సాహెబ్ వాళ్ళావిడే. కేసు వేరు, కుట్టు వేరు," అన్నారు సి.ఐ. గారు ఉదారంగా.

"మరి కొలతలు ఎవరు తీశారు?"

సి.ఐ. గారు దావీదు వంక చూశారు. దావీదు ఫైలు వంక చూశాడు.

"బోను దిగి ఇటు రండి," అన్నారు జడ్జిగారు. సి.ఐ. గారు దిగారు. జడ్జిగారి చూపు కాలర్ దగ్గర మొదలై భుజం, ఛాతీ, నడుము దాటి కిందికొచ్చింది. ప్యాంటుకీ బూటుకీ మధ్య జానెడు మేజోడు కనిపిస్తోంది. చూపు అక్కడ ఆగింది.

"ఆ పొడవు కొలవండి," అన్నారు సాహెబ్‌తో.

సాక్ష్యం కవర్లోంచి టేపు తీసి సాహెబ్ చేతికిచ్చారు.

"నేను కూర్చోలేనండి, కాలు వంగదు," అన్నాడు సాహెబ్. "దావీదు భాయ్‌ని కొలవమనండి."

దావీదు టేపు తీసుకుని సి.ఐ. గారి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తలెత్తాడు. కళ్ళెదురుగా నడుము బెల్టు, దానికి పిస్తోలు. దావీదు చప్పున వెనక్కి జరిగాడు.

"సార్, ముందు అది తీసి అవతల పెట్టండి సార్. మళ్ళీ పేలుద్ది."

స్టెనో ఆ మాట కూడా టైపు చేసుకుంది.