ఒళ్లు విదిలించని పుంజు

మంగళవారం పొద్దున శివన్న వేసుకున్న ఎత్తు చాలా చిన్నది. నాగక్క వాకిట పేడనీళ్లు చల్లి ముగ్గు వేసేలోగా, పావగడ ఫారం నుంచి సంచిలో తెచ్చిన కోడిపుంజును ఖాళీ గంప కింద దూర్చి, ఏమీ ఎరగనట్టు పళ్లు తోముకోవాలి. అంతే.

గంప ఖాళీ కావడానికి కారణం కూడా శివన్నే. వేరుశనగ చేను ఎండిపోతున్నప్పుడు, వాన పడితే తాను సాకిన ఎర్రపుంజును ఇస్తానని నాగక్క మారమ్మకు మొక్కుకుంది. వాన పడింది. పంట పుంజుకుంది. శివన్న బుద్ధే పుంజుకోలేదు. అమ్మకు అర్పించేలోగా ఒక్క పందెం ఆడిద్దామని నిన్న గంప కింది పుంజును వెంకటమ్మనహళ్లికి పట్టుకుపోయి, సొంత బావమరిది బొమ్మన్న పుంజు మీదికే వదిలాడు. రెండు దెబ్బలకే ఓడింది. ఓడిన పుంజు గెలిచినవాడి చట్టికి పోవడం పందెం న్యాయం. బొమ్మన్న బావ అని కూడా చూడకుండా దాన్ని కూర వండేసుకున్నాడు. "అక్కకు చెప్పనులే బావా," అని మాట మాత్రం ఇచ్చాడు.

ఫారం నుంచి వచ్చింది గిరిరాజ అనే కొత్త జాతి. రంగుకు నాటుపుంజు, బరువుకు దుక్కిటెద్దు. పేరులో గిరి ఉన్నందుకు కూర్చున్న చోటు నుంచి కదలదు. రాజు ఉన్నందుకు ఎవరిని చూసీ లేవదు.

నాగక్క గంప ఎత్తి చూసి చేతిలోని చేట జారవిడిచింది.

"ఏందిది, ఒక్క దినానికే ఇంత లావైనాది?"

"అమ్మకు మొక్కిన పుంజు గదా. అంతా అమ్మ మహిమ," అన్నాడు శివన్న, వేపపుల్లను ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చి.

అతను ఎదురుచూసిన తిట్లు రాలేదు. నాగక్క ముఖం పాలిపోయింది. గబగబా పుంజుకు పసుపు రాసింది. ఇంత తేలిగ్గా నమ్మిన పెళ్లాన్ని చూసి శివన్నకు తన తెలివి మీద గౌరవం పెరిగింది.

మొక్కు చెల్లించే వేళకు మారమ్మ గుడి ముందు అరసికెరె ఊరంతా చేరింది. బొమ్మన్న అప్పుడే విస్తరి వేసినంత సంబరంగా ముందు వరసలో నిలబడ్డాడు. పూజారి హనుమంతరాయప్ప పుంజు మీద నీళ్లు చల్లాడు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. లేదంటే మొక్కులో దోషం ఉన్నట్టు. నాటుకోడైతే చుక్క పడగానే దులిపేస్తుంది. ఫారంలో ఎండపూట నీళ్లు చల్లించుకుని పెరిగిన గిరిరాజ మాత్రం కళ్లు మూసుకుని, ఇంకొంచెం పోయమన్నట్టు మెడ చాచింది.

చెంబు అయింది. బిందె అయింది.

"పూజారప్పా, ఊర్లో ఉండే నీళ్లన్నీ దానికే పోస్తివి. మేమేం తాగల్ల?" అంది సంజీవమ్మ అనే ముసలామె.

"మొక్కిన ఇంట్లో ఎవరో తప్పు చేసినారు," అన్నాడు పూజారి. "ఒప్పుకుంటే సరిపోతాది. లేకుంటే ఇంగ వాన సంగతి నన్నడగొద్దండి."

ఊరి కళ్లన్నీ శివన్న మీదికి తిరిగాయి. శివన్న కళ్లు ఆకాశం మీదికి తిరిగాయి. ఇంతలో నాగక్క గుడిమెట్టు మీద కూలబడింది.

"నేనే చేసినా సామీ. పిల్లప్పటినుంచి చేత్తో మేపినా, కోయించేదానికి మనసు రాలేదు. నా పుంజును మా తమ్మునింట్లో దాచి, దాని తోడబుట్టినదాన్ని తెచ్చి గంప కింద పెట్టినా. అమ్మకు తెలిసిపోయినాది. దాన్ని గూడా మాయం చేసి ఈ కొండను పెట్టినాది. మా ఇంటాయన గూడా చెప్పినాడు, అమ్మ మహిమని."

శివన్న గుండె కోడి ఈకంత తేలికైంది. తప్పు పెళ్లాం నెత్తిన పడింది, మాయ అమ్మవారి నెత్తిన పడింది. ఇక తాను నోరు మూసుకుంటే చాలు.

"ఆ పుంజును తెచ్చి అమ్మకు చూపించు పోరా," అన్నాడు పూజారి. బొమ్మన్న సైకిల్ తొక్కుకుంటూ పోయి అసలు ఎర్రపుంజును తెచ్చాడు. నాగక్క దాన్ని ఒళ్లోకి తీసుకుని తడిమింది.

"కాలికి ఈ గాయమేందిరా బొమ్మా?"

బొమ్మన్న తల గోక్కున్నాడు. "నిన్న పందెంలో తగిలినాదక్కా. గెలిచినాదిలే."

"అంటే," అన్నాడు శివన్న, ఊరంతా వింటుండగా, "నిన్న నన్ను ఓడించింది నా పుంజేనా?"

నాగక్క మెల్లగా తల తిప్పింది. ఆ చూపు తగిలిందో, తడిసిన ఒంటికి గాలి తగిలిందో, గిరిరాజ నిలువెల్లా విదిలించింది.

"ఒప్పుకున్నాది," అన్నాడు పూజారి. ఎవరు ఒప్పుకున్నదీ ఎవరూ అడగలేదు.

గిరిరాజ అమ్మకు పోయింది, ఎర్రపుంజు నాగక్క చంకనెక్కి ఇల్లు చేరింది. ఆ పూట శివన్న రాగిముద్ద మీదికి గిరిరాజ మెడ ఒక్కటే వచ్చింది; తన మెడ మిగిలింది గనక అతను ఇంకో ముక్క అడగలేదు.