సొంత లీకేజీ నిమిత్తం పది రోజుల సెలవు

లీకేజీ గురించి కాగితం అందిన మర్నాడే మరమ్మతు మొదలుకావడం పట్టణ నీటి సరఫరా శాఖ చరిత్రలో ఇదే మొదటిసారి అని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆ కాగితం రాసింది శాఖ పెద్ద ఇంజనీరు గారే కావడం కేవలం యాదృచ్ఛికం. లీకేజీ రోడ్డులో కాక ఇంజనీరు గారిలోనే ఉండటం మాత్రం కాస్త ఇబ్బందికరమైన సంగతి.

ముప్పై రెండేళ్లుగా ఆయన ఊరి పైపులను కాపాడుతున్నారు. ‘చుక్క పోతే పరువు పోయినట్టే’ అన్న నినాదం ఆయన సృష్టే. ట్యాంకర్ల మీద, ఆఫీసు గోడల మీద, ఆయన కుర్చీ వెనకాల కూడా అదే. పద్నాలుగు నెలల కిందట ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సరని తేలితే డాక్టర్లు గ్రంథిని తీసేశారు. క్యాన్సరు పోయింది. పోతూ పోతూ మూత్రాన్ని ఆపే శక్తిని కూడా వెంట తీసుకుపోయింది. దగ్గితే చుక్క, తుమ్మితే చుక్క, కుర్చీలోంచి లేస్తే నాలుగు చుక్కలు. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలన్నారు. ఐదో విధం ఇంజనీరు గారికి తెలిసొచ్చింది.

ఆయన నవ్వడం మానేశారు. దాంతో ఆఫీసులో క్రమశిక్షణ అద్భుతంగా మెరుగుపడింది. రోజూ నల్ల ప్యాంటే వేసుకొస్తుంటే ఎంత నిరాడంబరుడో అనుకున్నారు. చంకలోంచి వదలని తోలుసంచిలో రహస్య ఫైళ్లున్నాయని చెప్పుకున్నారు. ఉన్నవి ఆరు ప్యాడ్లు, ఇంకో నల్ల ప్యాంటు.

డాక్టరు చెప్పిన కండరాల వ్యాయామాలు ఏడాది పాటు చేశారు. మేలు కనబడలేదు. అప్పుడు డాక్టరు రోజంతా వాడిన ప్యాడ్లను తూచి రమ్మన్నాడు. ఇంజనీరు గారి భార్య వంటింటి త్రాసు మీద తూచి, పాలవాడి లెక్క పక్కనే రాసిపెట్టింది. అరకిలో.

“రెండు దారులున్నాయండీ,” అన్నాడు డాక్టరు. “లీకు కొద్దిగా ఉంటే మూత్రనాళం కింద ఒక పట్టీ వేసి పైకెత్తి కడతాం. మీకది చాలదు. నాళం చుట్టూ ఉంగరంలా బిగుసుకునే చిన్న పట్టు అమరుస్తాం. పొట్టలో నీటిబుడగ, వృషణాల సంచిలో చిన్న పంపు. వెళ్లాలనుకున్నప్పుడు పంపు నొక్కితే పట్టు వదులుతుంది. కాసేపటికి దానంతటదే బిగుసుకుంటుంది.”

ఇంజనీరు గారి మొహం పద్నాలుగు నెలల తర్వాత మొదటిసారి విప్పారింది. “అంటే వాల్వు, పంపు, ట్యాంకు! మా శాఖేనండీ ఇది!” అన్నారు. పట్టలేక నవ్వారు కూడా. వెంటనే ప్యాంటు మార్చుకోవలసి వచ్చింది.

“ఆపరేషనైన ఆరు వారాలకు గానీ దాన్ని పనిలో పెట్టం,” అన్నాడు డాక్టరు. రెండు నెలల్లో కొత్త ట్యాంకు ప్రారంభోత్సవం. ఊరంతా చూస్తుండగా ఇంజనీరు గారు మూడు గంటలు వేదిక మీద నిలబడాలి, తన నినాదం కిందే. ఆపరేషను ఈ వారంలో అయిపోతేనే పరువు దక్కుతుంది. సెలవు పెడితే సరిపోయేది.

కానీ ‘కారణం స్పష్టమైన మాటల్లో రాయని సెలవు చెల్లదు’ అని నిరుడు సర్క్యులరు ఇచ్చింది ఆయనే. ఎవరు తవ్విన గోతిలో వారే పడతారంటారు, ఆ సామెత కూడా వాళ్ల శాఖదే. కాగితం ముందు పెట్టుకుని గంటసేపు కూర్చున్నారు. ‘మూ’ అని రాసి కొట్టేశారు. చివరికి ‘సొంత లీకేజీ మరమ్మతు నిమిత్తం పది రోజులు’ అని రాశారు. అబద్ధం లేదు, నిజం బయటపడలేదు. తన తెలివికి తానే మురిసిపోయారు.

సెలవుల గుమాస్తా ఆ కాగితం చదివి వణికిపోయాడు. పెద్దసారు ఇంట్లో లీకేజీ! ‘అత్యవసరం’ అని ముద్రకొట్టి మరమ్మతుల విభాగానికి పంపాడు. మర్నాడు పొద్దున ఏడింటికల్లా పదహారు మంది గునపాలతో వీధిలో దిగారు.

రోడ్డు తవ్వారు. చుక్క కనబడలేదు. లీకు అంత లోతుగా ఉందన్నమాట అని ఇంకా తవ్వారు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారు, వీళ్లకు ఎలుక కూడా దొరకలేదు. ఆఖరికి ఒక గునపం నిక్షేపంగా ఉన్న పైపులో దిగి, నీళ్లు నిలువెత్తు లేచాయి. “లీకు దొరికింది!” అని పదహారు మందీ చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీశారు. ఇంజనీరు గారు వరండాలో నిలబడి అంతా చూస్తూనే ఉన్నారు. ఒక్క మాట చెబితే పని ఆగిపోతుంది. ఆ ఒక్క మాట తప్ప భాషలోని మాటలన్నీ ఆయన నోటికొచ్చాయి.

ఉప ఇంజనీరు మట్టికుప్ప ఎక్కి ప్రసంగించాడు.

“సోదరులారా! తన లీకేజీని దాచుకునే అధికారులున్న ఈ రోజుల్లో, లిఖితపూర్వకంగా ఒప్పుకున్న ధీరుడు మన పెద్దసారు! ఆయన లీకు మనందరి లీకు!”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఇంజనీరు గారు ప్యాంటు తడుముకున్నారు. తడిగానే ఉంది.

అది చూసిన ఆయన భార్యకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. గేటు దాకా నడిచింది.

“ఆపండి నాయనా, ఇక చాలు! పైపు రోడ్డులో పోలేదు. మీ సారులో పోయింది. మూత్రం ఆగట్లేదు ఆయనకి. ఆపరేషన్ చేయించుకోవాలి. దానికీ వీధంతా తవ్వాలా?”

పదహారు మందీ తమ గునపాల వంక చూసుకున్నారు. ఉప ఇంజనీరు మట్టికుప్ప దిగి, ఆకాశంలో ఏదో ముఖ్యమైనది పరిశీలించసాగాడు.

ఒక ముసలాయన మాత్రం గునపం కింద పెట్టి వరండా మెట్లెక్కాడు. ఊళ్లో ఏ బోల్టయినా ఆయన పానాకు లొంగుతుందని ‘పానా బాబాయి’ అంటారు. పని వేళల్లో మాటిమాటికీ చోటు వదిలి వెళుతున్నాడని నిరుడు రెండు మెమోలిచ్చి, పానా లాక్కుని గునపం చేతికిచ్చింది పెద్ద ఇంజనీరు గారే.

“సారూ, నాకూ ఆ గ్రంథి తీసేసి రెండేళ్లయింది,” అన్నాడు మెల్లగా. “గుడ్డలు మార్చుకోడానికే వెళ్లేవాణ్ణి.”

“మరి మెమోకి జవాబులో రాయొచ్చు కదయ్యా!”

“మీరెందుకు రాయలేదో నేనూ అందుకే రాయలేదు సారూ.”

ఇంజనీరు గారు పక్కనున్న కుర్చీ ఆయన వైపు జరిపి, “కూర్చో బాబాయ్,” అన్నారు. ఇద్దరూ కూర్చున్నారు. ఇద్దరూ జాగ్రత్తగా కూర్చున్నారు.

ఆ వారమే ఇద్దరికీ ఆపరేషన్లయ్యాయి. ఇంజనీరు గారికి వాల్వు, లీకు తక్కువున్న బాబాయికి పట్టీ. ప్రారంభోత్సవం నాడు ఇంజనీరు గారు మూడు గంటలు నిలబడ్డారు. ఉప ఇంజనీరు ప్రసంగానికి కడుపుబ్బా నవ్వారు. చుక్క కూడా పడలేదు. ఆ ఆనందంలో ఆయన కళ్లలోంచి నీళ్లు కారాయి, అదొక్కటే లీకు.

బాబాయి మెమోలు రద్దు చేద్దామనుకున్నారు. రద్దు చేయాలంటే కారణం స్పష్టమైన మాటల్లో రాయాలి. కాబట్టి మెమోలు అలాగే ఉన్నాయి, గునపమూ అలాగే ఉంది. వీధిలో గొయ్యి పూడ్చాలన్నా ఎందుకు తవ్వారో రాయాలి. అదీ అలాగే ఉంది.

అయితే ఇంజనీరు గారు ఊరుకునే మనిషి కాదు. మానవతా దృక్పథంతో కొత్త సర్క్యులరు జారీ చేశారు. ‘చెప్పుకోలేని అనారోగ్యములన్నిటికీ ఇకమీదట కడుపునొప్పి అని రాయవలెను. వివరములు అడగరాదు.’ మొదటి నెలలోనే శాఖలో నలభై ఒక్క మంది మగవాళ్లకు కడుపునొప్పి వచ్చింది. ఆకాశం పరిశీలించిన ఉప ఇంజనీరుకు రెండుసార్లు వచ్చింది.

మీ ఇంట్లో ఈమధ్య ఎవరైనా ప్రయాణాలు పడవని, సినిమా అంతసేపు కూర్చోలేనని, నల్ల ప్యాంటే బాగుంటుందని అంటున్నారా? కంగారు పడకండి. కడుపునొప్పే అయ్యుంటుంది. వివరాలు మీరెలాగూ అడగరు. మన ఇళ్లలో ఆ సర్క్యులరు ఎప్పటినుంచో అమల్లో ఉంది.